పేడతో మంట, పొగ లేని వంట

చలికాలం మొదలైందంటే మా ఆసుపత్రి ఓపీ వరండాలో దగ్గుల చప్పుడు పెరుగుతుంది. తెల్లవారి బస్సుకు వచ్చినవాళ్లు చీటీ రాయించుకుని బల్లల మీద వరసగా కూర్చుంటారు. వాళ్లలో యాభై, అరవై ఏళ్ల ఆడవాళ్లు చాలామంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే పిల్లికూతలు, ఉదయం లేవగానే గళ్ల. "టీబీ ఏమో చూడండమ్మా" అని వాళ్లే భయంగా అడుగుతారు. గళ్ల పరీక్ష చేస్తాం, ఎక్స్‌రే తీస్తాం. ఎక్కువమందికి టీబీ ఉండదు. గొట్టంలోకి గట్టిగా ఊదించి చూస్తే మాత్రం గాలి బయటికి రావడానికి పడే పాట్లు తెలుస్తాయి.

మొన్న వచ్చిన ఒక అవ్వను మా సిస్టరు మామూలుగా అడగాల్సిన ప్రశ్న అడిగింది.

"అవ్వా, బీడీ గానీ చుట్ట గానీ తాగే అలవాటుందా?"

"అయ్యో, అదేం మాట సిస్టరమ్మా! నా జన్మలో ముట్టలేదు."

అవ్వ చెప్పింది నిజమే. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్లు ఉన్నారు గానీ మా రాయలసీమ పల్లెల్లో ఆ అలవాటు అరుదు. అయినా ఈ అవ్వ ఊపిరితిత్తులు ముప్పై ఏళ్లు బీడీ కాల్చిన మనిషి ఊపిరితిత్తుల్లాగే పాడైపోయాయి. ఆమె తాగింది పొయ్యి పొగ. పన్నెండేళ్ల వయసులో ఊదుగొట్టం చేత పట్టింది. పెళ్లయి అత్తగారింటికి వచ్చి, కోడలు కాపురానికి వచ్చేదాకా రోజుకు మూడు నాలుగు గంటలు ఆ పొయ్యి ముందే కూర్చుంది. కంది కట్టె, వేరుశనగ పొట్టు, సర్కారు తుమ్మ కంప, వానాకాలంలో తడిసిన పిడకలు, ఏది దొరికితే అది పెట్టి మండించింది.

అందుకని మేము ఓపీ చీటీలో ఇంకొక ప్రశ్న చేర్చుకున్నాం: "మీ ఇంట్లో ఏ పొయ్యి?" ఈ ప్రశ్నకు "గ్యాసేనమ్మా" అని వెంటనే జవాబు వస్తుంది. అక్కడితో ఆగితే పొరపాటే. ఇంకొంచెం అడిగితే, అన్నం, కూర గ్యాసు మీద, స్నానాల నీళ్లకు పెరట్లో పొయ్యి, బర్రెకు ఉలవలు ఉడికించేది కట్టెల మీద, సిలిండరు అయిపోయి డబ్బు చేతికి రాకపోతే అంతా కట్టెల మీదే అని తెలుస్తుంది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం కింద, 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం ఉజ్జ్వల పథకం కింద లక్షలాది పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. అది మంచి పనే. కానీ కనెక్షన్ వచ్చిన ప్రతి ఇంట్లోనూ కట్టెల పొయ్యి ఆరిపోలేదు. సిలిండరు కొనాలి, పేడ ఇంట్లోనే ఉంది. గోబర్ గ్యాసు గురించి ఈ సంచికలో వివరంగా రాయాలని అనుకున్నది అందుకే. బర్రెలు, ఆవులు ఉన్న రైతు కుటుంబాలు ఓపికగా చదవాలని కోరుతున్నాం.

పొగలో ఏముంది?

కట్టె గానీ పిడక గానీ పూర్తిగా మండదు. మండని భాగం సన్నటి మసిగా, కార్బన్ మోనాక్సైడు వంటి విషవాయువులుగా గదిలో నిండుతుంది. ముక్కులో, గొంతులో ఆగిపోయే దుమ్ము వేరు. ఈ మసి రేణువులు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల చివరి తిత్తుల దాకా దిగిపోతాయి. ఏళ్ల తరబడి దిగితే గాలి గొట్టాలు వాచి, ఇరుకై, మళ్లీ మామూలు స్థితికి రావు. డాక్టర్లు సి.ఓ.పి.డి. అనే జబ్బు అదే. ఇన్‌హేలరుతో ఉపశమనం ఉంటుంది గానీ పోయిన ఊపిరి తిరిగి రాదు.

కంటి శుక్లాలకు, గుండె జబ్బులకు, పక్షవాతానికి కూడా ఈ పొగతో సంబంధం ఉంది. అమ్మ ఒళ్లో కూర్చుని పొయ్యి వెచ్చదనానికి నిద్రపోయే పసిబిడ్డ సంగతి వేరే చెప్పాలి. డొక్కలు ఎగరేస్తూ న్యుమోనియాతో వచ్చే బిడ్డల ఇళ్లలో ఏ పొయ్యి ఉందో అడగడం మేము ఎన్నడూ మరచిపోం. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కలో అయిదేళ్ల లోపు పిల్లలు 2 లక్షల 30 వేలకు పైగా ఉన్నారు.

ఇదంతా ఎక్కడో దూరదేశాల లెక్క అనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు జిల్లాల పల్లెల్లో సుమారు 420 ఇళ్లలో గాలిని కొలిచిన ఫలితాలు 2004లో ప్రచురించారు. చెన్నైకి చెందిన డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం చేసిన పని అది. గ్యాసు వాడే ఇళ్లలో ఒక ఘనపు మీటరు గాలిలో ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నరేణువులు సగటున 73 మైక్రోగ్రాముల దాకా తక్కువగా ఉంటే, కట్టె, పిడక వాడే ఇళ్లలో 732 దాకా ఉన్నాయి. అంటే పది రెట్లు. వంట చేసేవాళ్లకే కాదు, ఆ ఇంట్లో ఉండే ముసలివాళ్లకు, మంచం పట్టినవాళ్లకు కూడా ఈ గాలే దిక్కు.

పేడలో మంట ఎక్కడిది?

గాలి తగలకుండా మూసిన గోతిలో పేడ, నీళ్లు కలిపి నిలవ ఉంచితే, ఆవు కడుపులో ఉండే సూక్ష్మజీవులే అక్కడా పని కొనసాగిస్తాయి. అవి పేడను తింటూ గ్యాసును వదులుతాయి. ఆ గ్యాసులో నూటికి 55 నుంచి 65 పాళ్లు మీథేను. అదే మండేది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువు. కోడిగుడ్డు కుళ్లిన వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిగా ఉంటుంది. సరిగ్గా మండుతున్నప్పుడు మంట నీలంగా ఉంటుంది, వంటకు వాసన పట్టదు. పేడతో వచ్చిన గ్యాసు మీద వండిన అన్నం తినడానికి మొదట్లో మొహమాటపడ్డ పెద్దలు మాకు తెలుసు. వారం రోజుల్లో ఆ మాటే మరచిపోతారు.

ఇది కొత్త విద్య కాదు. 1897లోనే బొంబాయి మాటుంగలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు తొట్ల నుంచి వచ్చే గ్యాసును పట్టి వాడుకున్నారు. కుష్ఠు వైద్యంతో మిషన్ ఆసుపత్రులకు ఉన్న అనుబంధం తెలిసినవాళ్లకు ఈ సంగతి ఆసక్తిగా ఉంటుంది. పేడతో నడిచే ప్లాంటును రైతు ఇంటికి తగ్గట్టుగా తయారు చేయడానికి 1950లలో జష్‌భాయ్ పటేల్ అనే ఆయన ఎంతో కృషి చేశారు. ఆయన నమూనాను ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960లలో ఊరూరా ప్రచారం చేసింది. బావిలాంటి గోతి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, గ్యాసు నిండితే పైకి లేస్తుంది, వాడితే కిందికి దిగుతుంది. వయసు మళ్లినవాళ్లు గోబర్ గ్యాసు అనగానే తలచుకునేది ఆ డ్రమ్మునే. గ్యాసు ఎంత ఉందో కంటికి కనబడేది, అది దాని సుగుణం. ఇనుము తుప్పు పట్టేది, అది దాని దోషం.

1984లో ఢిల్లీలోని ఆఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ దీనబంధు నమూనాను తెచ్చింది. ఇందులో ఇనుము లేదు. ఇటుక, సిమెంటుతో నేలలో కట్టిన గుమ్మటం మాత్రమే ఉంటుంది. గ్యాసు గుమ్మటం పైభాగంలో నిండే కొద్దీ లోపలి పేడనీళ్లను నొక్కి బయటి తొట్టిలోకి తోస్తుంది. మనం స్టవ్వు తిప్పితే ఆ నీళ్ల బరువే గ్యాసును గొట్టంలోకి నెడుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. అయితే గుమ్మటం కట్టడం అందరు మేస్త్రీల వల్లా కాదు. వెంట్రుకంత పగులు ఉన్నా గ్యాసు నిలవదు. ఇల్లు కట్టే మేస్త్రీ ఎంత మంచివాడైనా, ఈ పనిలో శిక్షణ ఉన్నవాడినే పిలవండి.

మీ ఇంటికి సరిపోతుందా?

ముందు పశువులను లెక్క పెట్టుకోవాలి. 25 కిలోల పచ్చిపేడకు సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. అయిదారుగురున్న ఇంటికి రెండు ఘనపు మీటర్ల ప్లాంటు కావాలి. అంటే రోజుకు 50 కిలోల పేడ. బర్రె రోజుకు పదిహేను కిలోలు, ఆవు పది కిలోలు వేస్తుందనుకుంటే నాలుగైదు పశువులు ఉండాలి. పగలంతా మేతకు వెళ్లే పశువుల పేడలో సగం బీళ్లలోనే పోతుంది. కాబట్టి లెక్క వేసేటప్పుడు కొట్టంలో రాలిన పేడనే లెక్కించండి, పశువుల తలలను కాదు. రెండు బర్రెలు మాత్రమే ఉన్న చిన్న కుటుంబానికి ఒక ఘనపు మీటరు ప్లాంటు కూడా ఉంది. నలుగురికి వంట అవుతుంది.

తరవాత నీళ్లు. ఎంత పేడో అన్ని నీళ్లు. 50 కిలోల పేడకు 50 లీటర్లు, అంటే మన బిందెతో నాలుగు బిందెలు. కోనసీమలో ఇది చిన్నమాట. మా మెట్ట ప్రాంతంలో వేసవి వచ్చిందంటే నాలుగు బిందెలు తేవడం పెద్ద పనే. అది తెచ్చేది ఎవరో కూడా అందరికీ తెలుసు. కట్టెలు మోసే బరువు తప్పించి నీళ్లు మోసే బరువు నెత్తిన పెడితే ఆ ఇల్లాలికి ఒరిగేదేమిటి? కొట్టం కడిగిన నీళ్లు, పశువుల మూత్రం కలుపుకోవచ్చు, దానివల్ల నష్టం లేదు. సబ్బునీళ్లు, ఫినాయిల్ కలిసిన నీళ్లు మాత్రం ఒక్క చెంబు కూడా పడకూడదు. లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. నీళ్లకు దారి లేని ఇంటికి గోబర్ గ్యాసు కట్టుకోమని మేము చెప్పం.

మొదటిసారి నింపడం కష్టం. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు దాదాపు రెండు టన్నుల పేడ, రెండు వేల లీటర్ల నీళ్లు కావాలి. ఇరుగుపొరుగు పేడ కూడా కూడబెట్టుకోవాలి. నింపాక రెండు మూడు వారాలకు గ్యాసు వస్తుంది. మొదట వచ్చిన గ్యాసులో గాలి కలిసి ఉంటుంది, అది మండదు, పేలే ప్రమాదం కూడా ఉంది. దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయాలి. ఆ తరవాత పద్ధతిగా పేడ పోస్తే రోజుకు ఒక బర్నరు నాలుగు గంటలు మండుతుంది. సిలిండరు స్టవ్వు దీనికి పనికిరాదు. ఈ గ్యాసు ఒత్తిడి, వేడి తక్కువ కాబట్టి పెద్ద రంధ్రాలున్న ప్రత్యేకమైన స్టవ్వు కావాలి.

ఖర్చుకు ప్రభుత్వ సబ్సిడీలు 1981లో మొదలైన జాతీయ పథకం నాటి నుంచీ ఏదో ఒక పేరుతో వస్తూ ఉన్నాయి. మొత్తాలు, నిబంధనలు మారుతూ ఉంటాయి. కాబట్టి గోతిలో పార దించకముందే మండల వ్యవసాయ అధికారిని, లేదా జిల్లాలోని పునరుద్ధరణీయ ఇంధన సంస్థ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోండి. ముందు కట్టేసి తరవాత అడిగితే మంజూరు కాలేదని బాధపడ్డవాళ్లు ఉన్నారు.

ఒకే వీధిలో రెండు ఇళ్లు

మా ఆరోగ్య కార్యకర్తలతో కలిసి ఒక పల్లెకు వెళ్లాం. ఆ ఊళ్లో ఒకే వీధిలో రెండు ప్లాంట్లు ఉన్నాయి.

మొదటి ఇంట్లో నాలుగు బర్రెలు. కోడలు పొద్దున్నే కొట్టం ఊడ్చి, పేడను తొట్టిలో వేసి, కళ్లాపి కలిపినట్టే ఉండలు లేకుండా కలిపి, గడ్డీ రాళ్లూ ఏరేసి బిరడా తీస్తుంది. అరగంట పని. వంటింట్లోకి పిలిచి చూపించింది. గోడకు సున్నం తెల్లగానే ఉంది. "గ్యాసు వచ్చాక నీకు బాగున్నదేమిటమ్మా?" అని అడిగాం. దగ్గు తగ్గింది, కళ్లు మండడం లేదు అంటుందని మా ఆశ. ఆమె మాత్రం "గిన్నెలకు మసి లేదు సిస్టరమ్మా, తోమే పని సగం తగ్గింది" అంది. ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు చెప్పే మాకు అది మంచి పాఠమే. ఆ తరవాత మేము పల్లెల్లో మాట్లాడేటప్పుడు ఊపిరితిత్తుల బొమ్మ కంటే ముందు మసి లేని గిన్నె గురించి చెబుతున్నాం.

ఆ ఇంటి పెద్దాయన ప్లాంటు కట్టించింది భార్య దగ్గు కోసమో, కోడలి కళ్ల కోసమో కాదు. ఎరువు కోసం. దాచకుండా ఆయనే చెప్పాడు. గ్యాసు తీశాక బయటికి వచ్చే స్లర్రీలో నత్రజని పోదు, పైగా మొక్క తొందరగా తీసుకునే రూపంలోకి మారుతుంది. పెంటకుప్పలో ఎండకూ వానకూ పోయే సారం ఇందులో నిలుస్తుంది. కలుపు గింజలు చాలావరకు మొలక శక్తి కోల్పోతాయి. ఇదే పేడను పిడకలు చేసి కాల్చి ఉంటే పొలానికి దక్కేది గుప్పెడు బూడిద. "టమోటాకు యూరియా బస్తాలు తగ్గించినా" అన్నాడాయన. ఆడవాళ్ల ఆరోగ్యం పేరు చెబితే కదలని ఇల్లు ఎరువు పేరు చెబితే కదులుతుందంటే మాకు కొంచెం బాధగానే ఉంది. అయినా పొయ్యి ఆరితే చాలు.

రెండో ఇంట్లో పాతకాలపు డ్రమ్ము ప్లాంటు ఉంది, అంటే ఉండేది. గోతి పూడిపోయింది. తుప్పు పట్టి చిల్లులు పడిన డ్రమ్ము పెరట్లో పక్కకు ఒరిగి ఉంది, దాని నీడలో కోళ్లు పడుకున్నాయి. డ్రమ్ముకు ఏటా రంగు వేయాలని కట్టినవాళ్లు చెప్పారట, రెండేళ్లు వేసి మానేశారు. ఒకసారి గొట్టంలో నీళ్లు చేరి మంట దూకుతూ ఆరిపోతుంటే, ఆ నీళ్లు తీసేయడానికి ఒక చిన్న బిరడా ఉంటుందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఎవరూ రాలేదు. ఇంతలో ట్రాక్టరు వచ్చింది, ఎద్దులను అమ్మేశారు. కొడుకు బెంగుళూరు వెళ్లిపోయాడు. ఇప్పుడు ముసలి దంపతులు, ఒక ఆవు, కట్టెల పొయ్యి. సబ్సిడీ తీసుకున్న రోజున రిజిస్టరులో ఇదొక పూర్తయిన ప్లాంటు. దేశంలో ఇంతవరకు కట్టిన ఇంటి ప్లాంట్లు 50 లక్షల దాకా ఉంటాయని లెక్క చెబుతారు. వాటిలో ఇలా పడుకున్నవి ఎన్నో.

బాగేపల్లిలో

ప్లాంటు కట్టినందుకు కాకుండా నడిపినందుకు డబ్బు ఇస్తే ఎలా ఉంటుంది? అలాంటి ప్రయత్నం మా పొరుగునే జరిగింది. అనంతపురం నుంచి బెంగుళూరు వెళ్లే రహదారిలో సరిహద్దు దాటగానే బాగేపల్లి వస్తుంది. కర్ణాటకలో ఉన్నా ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి భాష ఎక్కువగా తెలుగే. మన సీమలాగే వానాధారపు భూములు, వేరుశనగ, చిన్న రైతులు, కూలీలు. అక్కడి కూలి సంఘం, అప్పటి కోలారు జిల్లాలోని అయిదు తాలూకాల్లో 5,500 కుటుంబాలకు రెండు ఘనపు మీటర్ల దీనబంధు ప్లాంట్లు కట్టించే పథకం వేసుకుంది. 2005 డిసెంబరులో ఆ పథకం ఐక్యరాజ్యసమితి వారి స్వచ్ఛ అభివృద్ధి ఏర్పాటు కింద నమోదైంది. కట్టెలు, కిరసనాయిలు మండించకపోవడం వల్ల గాలిలోకి వెళ్లకుండా ఆగిన కార్బన్‌కు లెక్కగట్టి, విదేశాల సంస్థలకు అమ్మి, ఆ డబ్బుతో ప్లాంట్లు కట్టే పద్ధతి అది.

ఆ కార్బన్ లెక్కల్లోని చిక్కుల్లోకి మేము వెళ్లం. మాకు నచ్చిన విషయం ఒక్కటే. ఆ పద్ధతిలో కట్టిన ప్లాంటుకు విలువ లేదు, మండుతున్న ప్లాంటుకే విలువ. పడుకున్న ప్లాంటును లెక్కలోంచి తీసేయాల్సిందే. కాబట్టి పగుళ్లు పూడ్చడం, స్టవ్వు బాగు చేయడం, ఇంటివాళ్లకు మళ్లీ మళ్లీ నేర్పడం కట్టడంతో సమానమైన పనులయ్యాయి. మన రెండో ఇంటివాళ్లకు ఆ చిన్న బిరడా సంగతి చెప్పే మనిషి ఒకరుంటే వాళ్ల కథ వేరుగా ఉండేదేమో.

కట్టెల పొయ్యి నిజంగా ఆరిందా?

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. పొగ లేని స్టవ్వు ఇస్తే జబ్బులు వెంటనే తగ్గిపోతాయని మాలాంటివాళ్లం చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చాం. దీన్ని గట్టిగా పరీక్షించడానికి తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండా పల్లెల్లో దాదాపు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. వాళ్లలో సగంమంది ఇళ్లకు ఉచితంగా గ్యాసు స్టవ్వులు, సిలిండర్లు ఇచ్చారు. ఇళ్లలో పొగ బాగా తగ్గింది. కానీ 2022 నుంచి వెలువడిన ఫలితాలు చూస్తే, బిడ్డల పుట్టుక బరువులో గానీ ఏడాదిలోపు తీవ్రమైన న్యుమోనియాలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అంటే పొగ మంచిదని కాదు. తల్లి బాల్యం నుంచీ పీల్చిన పొగను పద్దెనిమిది నెలల గ్యాసు చెరిపేయలేకపోవచ్చు. బిడ్డల న్యుమోనియాకు పొగ ఒక్కటే కారణం కాదు, తిండి, టీకాలు, ఇల్లు కూడా ఉన్నాయి. బయటి గాలి, పక్కింటి పొయ్యి కూడా ఉన్నాయి. పొగ వల్ల వచ్చే పెద్దవాళ్ల ఊపిరితిత్తుల జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ల మీద పెరిగేది, దాన్ని అంత తక్కువ కాలంలో కొలవలేం. మేము నేర్చుకున్నది ఏమిటంటే, ఇంట్లో ఒక మంచి స్టవ్వు చేరడం ఒక మెట్టు మాత్రమే. చెడ్డ పొయ్యి వెళ్లిపోవడమే అసలు పని.

మా కార్యకర్తలు మొదటి ఇంటి పెరట్లోకి వెళ్లి చూస్తే అక్కడ మూడు రాళ్ల మీద నీళ్ల కాగు మరుగుతూ ఉంది. పక్కనే బర్రె దాణా ఉడుకుతోంది. పెద్దావిడ అక్కడే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని మంట ఎగదోస్తోంది. వంటింటి పొగ పెరట్లోకి మారింది, కోడలి ముందు నుంచి అత్త ముందుకు మారింది. ఆరుబయట కొంత నయం. అయినా రోజుకు రెండు గంటలు పొయ్యి ముఖం మీద వంగి కూర్చుంటే ఆ ఊపిరితిత్తులకు తేడా ఎక్కడ తెలుస్తుంది?

గ్యాసు మిగిలితే నీళ్లకు వాడొచ్చు, మిగలడం లేదని కోడలు అంది. చలికాలంలో గ్యాసు ఉత్పత్తి తగ్గుతుంది, వేడినీళ్ల అవసరం పెరుగుతుంది, రెండూ ఒకేసారి. ఆ ఇంటికి మేము చెప్పింది ఇది: కలిపే నీళ్లు చల్లటివి కాకుండా ఎండలో పెట్టిన నీళ్లు వాడండి. స్నానాలకు నీళ్లు నల్లటి డ్రమ్ములో పెట్టి మధ్యాహ్నపు ఎండకు వేడెక్కనివ్వండి. ఉలవలు రాత్రే నానబెడితే ఉడకడానికి సగం మంట చాలు. వంటగిన్నెలకు మూత పెట్టండి. పొయ్యి తప్పదంటే, దగ్గున్న అత్తను మాత్రం దాని దగ్గర కూర్చోబెట్టవద్దు. చివరి మాటకు కోడలు అత్త వైపు చూసి, "నేను చెబితే వింటుందా?" అంది. అత్త నవ్వి ఊరుకుంది.

ప్రమాదాలు తెలిసి ఉండాలి

ప్లాంటు గోతిలోకి ఎట్టి పరిస్థితిలోనూ దిగవద్దు. ఖాళీగా కనిపించినా లోపల ఊపిరాడని, విషపూరితమైన వాయువులు నిలిచి ఉంటాయి. ఒకరు దిగి పడిపోతే, కాపాడబోయి దిగిన రెండోవాడు కూడా పడిపోతాడు. పూడిక తీయాలంటే తెలిసినవాళ్లను పిలవండి. పేడ కలిపే తొట్టికి, బయటి తొట్టికి బరువైన మూతలు ఉండాలి, పిల్లలూ దూడలూ పడిపోకుండా. గొట్టం కారుతోందేమో చూడడానికి అగ్గిపుల్ల గీయవద్దు, సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే స్టవ్వు కట్టేసి తలుపులు, కిటికీలు తీయండి. ఈ గ్యాసు సిలిండరు గ్యాసంత బరువు కాదు, నేల మీద పరుచుకోకుండా త్వరగా చెదిరిపోతుంది. వంటింటికి కిటికీ మాత్రం ఎలాగూ కావాలి, నీలం మంట నుంచి కూడా కొంత వాయువు వస్తుంది.

మరుగుదొడ్డిని ప్లాంటుకు కలుపుకునే ఇళ్లు కొన్ని ఉన్నాయి. అది మంచి ఉపాయమే. అయితే ఏలికపాముల గుడ్లు లోపల పూర్తిగా చావవు. అలాంటి ప్లాంటు స్లర్రీని పచ్చిగా తినే కూరలకు, ఆకుకూరలకు వేయవద్దు. చెట్లకు, మెట్ట పైర్లకు వాడుకోండి. చల్లాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మొదట చెప్పిన అవ్వ పోయిన వారం మళ్లీ మందులకు వచ్చింది. ఇన్‌హేలరు సరిగ్గా పీల్చడం నేర్చుకుంది, రాత్రి నిద్ర పడుతోందట. ఇంట్లో రెండు బర్రెలు ఉన్నాయి, ఒక ఘనపు మీటరు ప్లాంటుకు సరిపోతాయి. రోజుకు రెండు బిందెల నీళ్లు కావాలి. కొళాయి వీధి చివర ఉంది. "నీళ్లు నేను తెస్తానంటున్నాడు మనవడు, తెస్తాడో లేదో" అంది. మేస్త్రీ వచ్చి పెరట్లో ముగ్గుతో కొలత గీసి వెళ్లాడట. గీత ఇంకా చెరిగిపోలేదని, కొడుకు వేరుశనగ అమ్మిన డబ్బు కోసం చూస్తున్నామని చెప్పి మందుల చీటీ మడిచి కొంగున ముడి వేసుకుంది.